సైకిల్ రేసును రోడ్డు పక్కన నిలబడి చూడాలంటే: సీమ నుంచి బయల్దేరేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

క్రికెట్ మ్యాచ్‌కు పోవాలంటే టికెట్ దొరికితే చాలు, సగం పని అయిపోతుంది. ప్రొఫెషనల్ సైకిల్ రేసుకు అసలు టికెట్టే ఉండదు. రేసు ఊళ్ల నడుమ నుంచి, పొలాల పక్క నుంచి, ఘాట్ల మీదుగా రోజుకు వంద నుంచి రెండొందల కిలోమీటర్ల దాకా పోతుంది. ఆ దారి పొడవునా మీరు ఎక్కడ నిలబడినా ఎవరూ రూపాయి అడగరు. అడగరు కాబట్టే చాలామంది ఎక్కడో ఒకచోట నిలబడి, అర నిమిషంలో అందరూ దూసుకుపోతే, ఇంత దూరం వచ్చింది దీనికా అని నిరుత్సాహపడతారు.

ఆ బాధ తప్పించుకోవచ్చు. ఎక్కడ నిలబడాలో ముందు తేల్చుకుని, బస, రైలు, వీసా అన్నీ ఆ చోటును బట్టి ఏర్పాటు చేసుకోవాలి. హోటల్ ముందు బుక్ చేసి చోటు తర్వాత వెతుక్కుంటే రేసు మీకు ఎప్పుడూ పది కిలోమీటర్ల అవతలే ఉంటుంది. అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల నుంచి వెళ్లాలనుకునేవాళ్ల కోసం మొత్తం వరసగా చెబుతాను.

1. ముందు రేసు ఖాయం చేసుకోండి

మనకు అన్నిటికంటే దగ్గర పుణే గ్రాండ్ టూర్. 2026 జనవరి 19 నుంచి 23 వరకు పుణే నగరం, ఆ జిల్లా రోడ్ల మీద జరిగింది. ప్రొలాగ్ అనే చిన్న తొలి పోటీ, నాలుగు స్టేజీలు (ఒక్కో రోజు రేసును స్టేజీ అంటారు), మొత్తం 437 కిలోమీటర్లు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ దీన్ని 2.2 స్థాయి రేసుగా క్యాలెండర్‌లో చేర్చింది. ఈ అంకెలు చదవడం నేర్చుకోండి, ఏ రేసుకైనా పనికొస్తాయి. చుక్కకు ముందు 1 ఉంటే ఒక్కరోజు రేసు, 2 ఉంటే రోజుల తరబడి సాగే స్టేజ్ రేసు. చుక్క తర్వాతది స్థాయి. 2 కంటే 1 పెద్దది, దాని కంటే ప్రో పెద్దది, అన్నిటికీ పైన వరల్డ్ టూర్. 2.2 రేసుల్లో ఎక్కువగా కాంటినెంటల్ జట్లు (వరల్డ్ టూర్ జట్ల కంటే కింది స్థాయివి), జాతీయ జట్లు పోటీ పడతాయి. టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన పొగచార్, వింగెగో లాంటివాళ్లను చూడాలన్న ఆశతో పుణే వెళ్లొద్దు. వాళ్లు లేకపోయినా వేగం నిజం, పోటీ నిజం. పైగా భారత జట్టు మన కళ్ల ముందే తొక్కుతుంది.

వరల్డ్ టూర్ స్థాయిని తక్కువ ఇబ్బందితో చూడాలంటే ఫిబ్రవరిలో జరిగే యూఏఈ టూర్ మంచిది. 2019లో మొదలైంది, ఏడు స్టేజీలుంటాయి. దుబాయ్, అబుదాబీల్లో మనవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. కడప వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న ఊళ్లు కూడా ఉన్నాయి. దిగడానికి ఒక ఇల్లు దొరికితే ఖర్చు బాగా తగ్గుతుంది. ఎడారి దారుల్లో జనం పలచగా ఉంటారు, స్టార్ట్ దగ్గర పేరున్న రైడర్లను నాలుగడుగుల దూరం నుంచి చూడొచ్చు. కొండ స్టేజీ కావాలంటే అల్ ఐన్ దగ్గరి జెబెల్ హఫీత్.

ఆ తర్వాత యూరప్. ఏప్రిల్‌లో రాళ్లు పరిచిన దారుల మీద పారిస్-రూబే, మే నెలలో ఇటలీలో జిరో ద ఇటాలియా, జులైలో టూర్ ద ఫ్రాన్స్, ఆగస్టు-సెప్టెంబర్‌లో స్పెయిన్‌లో వుయెల్తా. టూర్ ద ఫ్రాన్స్ 1903లో మొదలైంది. 21 స్టేజీలు, మధ్యలో రెండు విశ్రాంతి రోజులు, మొత్తం మూడు వేల కిలోమీటర్లకు పైమాటే.

మొదటిసారి చూడబోతున్నవాళ్లు పుణేతోనే మొదలుపెట్టాలని గట్టిగా చెబుతాను. డబ్బు మిగులుతుందని మాత్రమే కాదు. రేసు చూడటం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. చోటు ఎంచుకోవడం, టైం లెక్క, జనం మధ్య నిలదొక్కుకోవడం మన దేశంలో అలవాటైతే, లక్షలు పెట్టి ఫ్రాన్స్ వెళ్లిన రోజున కంగారు ఉండదు.

2. ఏ రోజుకు వెళ్లాలి

స్టేజీలన్నీ ఒకలా ఉండవు.

టైమ్ ట్రయల్, ప్రొలాగ్ రోజుల్లో రైడర్లు గుంపుగా రారు. నిమిషానికో రెండు నిమిషాలకో ఒకరు చొప్పున బయల్దేరతారు. పెద్ద రేసుల్లో నూటయాభై మందికి పైగా ఉంటారు కాబట్టి ఒకేచోట కుర్చీ వేసుకుని గంటల తరబడి చూడొచ్చు. ఒక్కొక్కరి ముఖం, సైకిల్, తొక్కే తీరు విడివిడిగా కనిపిస్తాయి. దూరం తక్కువ, చాలాసార్లు ఊళ్లోనే జరుగుతుంది. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవారికి ఇదే సరైన రోజు.

కొండ స్టేజీ అసలైన పండగ. ఎత్తు మీద గుంపు విడిపోతుంది. ముందు నలుగురు, వెనక పదిమంది, ఆ వెనక ఒంటరిగా ఒకరు, ఇలా చివరివాళ్లు వచ్చేసరికి అరగంట పట్టొచ్చు. కానీ అక్కడికి చేరడం కష్టం, తిరిగి రావడం ఇంకా కష్టం.

చదును నేల స్టేజీలో మధ్య దారిలో నిలబడితే దక్కేది చాలా తక్కువ. గుంపు గంటకు 45 కిలోమీటర్ల వేగంతో ఇరవై, ముప్పై సెకన్లలో వెళ్లిపోతుంది. అలాంటి రోజు స్టార్ట్‌కో ఫినిష్‌కో పోవాలి, లేదా ఒకే వలయాన్ని పలుమార్లు తిరిగే సర్క్యూట్ ఉన్న స్టేజీని వెతకాలి. టూర్ చివరి రోజు పారిస్‌లో ఉన్నది ఇలాంటి సౌకర్యమే. ప్రపంచ చాంపియన్‌షిప్ కూడా ఎక్కువగా సర్క్యూట్ల మీదే జరుగుతుంది కాబట్టి ఒకేచోట పదిసార్లు చూడొచ్చు.

వీలుంటే కనీసం రెండు రోజులు కలిసొచ్చేలా పెట్టుకోండి, ఒకటి టైమ్ ట్రయల్, ఒకటి కొండ. మొదటి రోజు రైడర్లను గుర్తుపడతారు, రెండో రోజు వాళ్ల కోసం ఎదురుచూస్తారు. తెలిసిన ముఖం ఎత్తు మీద ఆయాసపడుతూ వస్తుంటే గుండె కొట్టుకునే తీరే వేరు.

3. ఎక్కడ నిలబడాలి

ఈ ఒక్కదానికి మిగతా అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వండి.

కడప నుంచి రాయచోటి వెళ్లే దారిలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కినవాళ్లకు ఈ లెక్క సులభంగా అర్థమవుతుంది. లోడు లారీ ఎత్తు ఎక్కేటప్పుడు మలుపు దగ్గర ఎంత నెమ్మదిస్తుందో, అదే లారీ దిగేటప్పుడు ఎంత భయంగా ఉంటుందో చూసే ఉంటారు. సైకిళ్లదీ అంతే. ఎత్తు ఎక్కేటప్పుడు గంటకు ఇరవై కిలోమీటర్ల లోపుకు పడిపోయేవాళ్లే దిగుడులో ఎనభై దాటిపోతారు. అందుకే ఎక్కే వైపే నిలబడాలి. దిగుడులో నిలబడితే కనిపించేది రంగుల గీత మాత్రమే. ఎవరైనా అదుపు తప్పితే ప్రమాదం కూడా.

ఎత్తు మీద మంచి చోటుకు నా లెక్కలు చెబుతాను. వాలు ఎనిమిది శాతానికి పైగా ఉండాలి. అంతకంటే తక్కువైతే రైడర్లు ఒకరి వెనక ఒకరు గాలి చాటున వేగంగానే పోతారు. చాటున తొక్కితే శ్రమ మూడో వంతు దాకా తగ్గుతుంది కాబట్టి గుంపు విడిపోదు. వాలు పెరిగి వేగం తగ్గితే ఆ చాటు పనిచేయదు, ఎవరి బలం వారిదే. ఇక మలుపు. హెయిర్ పిన్నులా తిరిగే మలుపుకు లోపలి వైపు కాకుండా కాస్త పైన నిలబడితే కింది రోడ్డు కూడా కనిపిస్తుంది. వచ్చేవాళ్లను రెండు నిమిషాల ముందే చూస్తారు, ఎవరు వెనకబడ్డారో తెలుస్తుంది, తర్వాత వాళ్లే మీ పక్క నుంచి వెళతారు. శిఖరానికి రెండు మూడు కిలోమీటర్ల కింద నిలబడటం ఇంకా మేలు. రేసును తేల్చే దాడులు, అంటే ఒక్కసారిగా వేగం పెంచి మిగతావాళ్లను వెనక వదిలేసే ప్రయత్నాలు, ఎక్కువగా అక్కడే మొదలవుతాయి, ఫినిష్ దగ్గరున్నంత తొక్కిసలాట ఉండదు.

ఫ్రాన్స్‌లోని ఆల్ప్ ద్యుయెజ్ ఈ లెక్కలన్నిటికీ సరిపోయే కొండ. 13.8 కిలోమీటర్ల ఎక్కుడు దారి, సగటు వాలు 8.1 శాతం, 21 మలుపులు. మలుపులకు కింది నుంచి 21, 20 అంటూ తగ్గుతూ అంకెలు వేసి, అక్కడ గెలిచినవాళ్ల పేర్లు రాసిపెట్టారు. 1952లో టూర్ మొదటిసారి ఆ కొండెక్కినప్పుడు గెలిచింది ఇటలీ రైడర్ ఫౌస్టో కొప్పి. ఏడో మలుపును డచ్ మలుపు అంటారు. నెదర్లాండ్స్ అభిమానులు నారింజ రంగు బట్టలతో అక్కడ చేరి రోజంతా పాటలు పాడతారు. ప్రశాంతంగా చూడాలనుకుంటే ఆ మలుపుకు దూరంగా ఉండండి.

ఫినిష్ గీత దగ్గర నిలబడాలన్న కోరిక అందరికీ ఉంటుంది. కానీ చివరి మూడొందల మీటర్లలో బారికేడ్లు ఉంటాయి, మంచి జాగాలు అతిథులకు పోతాయి, ముందు వరస కావాలంటే ఐదారు గంటల ముందే వెళ్లాలి. ఫినిష్ కంటే స్టార్ట్ హాయి. జట్ల బస్సులు వరసగా ఆగుతాయి, మెకానిక్‌లు టైర్లలో గాలి చూస్తుంటారు, రైడర్లు సంతకం చేయడానికి వేదిక మీదికి వస్తారు. ఫొటో, సంతకం అక్కడ అడిగితే చాలామంది నవ్వుతూ ఒప్పుకుంటారు. రేసు అయిపోయాక అడగకండి, ఆ పూటకు వాళ్లలో మాట్లాడే శక్తి కూడా ఉండదు.

చోటు అనుకున్నాక దాన్ని గూగుల్ మ్యాప్స్‌లో తెరిచి, వీధి దృశ్యం (స్ట్రీట్ వ్యూ) ఉంటే చూడండి. రోడ్డు అంచున నిలబడటానికి నేల ఉందా, పక్కన లోయ ఉందా, నీడనిచ్చే చెట్టు ఉందా, కాలినడకన వెనక్కి రాగలిగే దారి ఉందా? ఈ చివరిది తప్పకుండా తేల్చుకోండి.

4. రేసు టైం టేబుల్ చదవడం

నిర్వాహకులు ప్రతి స్టేజీకీ ఒక పట్టిక విడుదల చేస్తారు. ఏ కిలోమీటరు దగ్గర ఏ ఊరు, అక్కడికి రేసు ఎన్ని గంటలకు వస్తుంది అన్నది అందులో ఉంటుంది. ఒక్కో చోటుకు సాధారణంగా మూడు సమయాలు ఇస్తారు, గంటకు 40, 42, 44 కిలోమీటర్ల సగటు వేగంతో వస్తే ఎప్పుడెప్పుడన్నది. వేగంగా వచ్చే సమయాన్నే మీ లెక్కకు తీసుకోండి, దానికి కనీసం రెండు గంటల ముందు చోటులో ఉండండి. వెనకగాలి ఉంటే రేసు పట్టిక కంటే ముందే వచ్చేస్తుంది.

అదే పట్టికలో టూర్ ద ఫ్రాన్స్ అయితే కారవాన్ సమయం కూడా ఉంటుంది. 1930 నుంచి ఉన్న ఆనవాయితీ ఇది. రేసుకు దాదాపు రెండు గంటల ముందు ప్రకటనల బండ్లు కిలోమీటర్ల పొడవున ఊరేగింపుగా వస్తూ టోపీలు, బిస్కెట్ పొట్లాలు, కీచైన్లు విసురుతూ పోతాయి. పిల్లలకు రేసు కంటే ఇదే ఎక్కువ ఇష్టం.

రోడ్డు మూసే సమయం రేసు సమయానికి చాలా ముందుంటుంది. ఫ్రాన్స్ కొండల్లో ఉదయమే, ఒక్కోసారి ముందు రోజే బండ్లను ఆపేస్తారు. ఆ పైన నడకో, సైకిలో. పుణేలో అయితే పోలీసుల ట్రాఫిక్ ప్రకటనలు రేసుకు ముందు రోజుల్లో రోజూ చూసుకోండి. మీరు దిగిన లాడ్జి మూసిన రోడ్డుకు ఏ వైపున ఉందో తెలియకపోతే అవతలికి దాటలేక అక్కడే చిక్కుకుంటారు.

5. పుణేకు ఎలా వెళ్లాలి

ఈ విషయంలో సీమవాళ్లం అదృష్టవంతులం. ముంబై వైపు వెళ్లే పాత రైలు దారి మన ఊళ్ల మీదుగానే పోతుంది. అనంతపురం వాళ్లకు బెంగళూరు నుంచి ముంబై వెళ్లే ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ గుంతకల్లు, ఆదోని, రాయచూరు, సోలాపూర్ మీదుగా నేరుగా పుణేకు పోతుంది. కడప వాళ్లకు చెన్నై నుంచి ముంబై వెళ్లే రైళ్లు ఎర్రగుంట్ల, తాడిపత్రి, గుత్తి మీదుగా గుంతకల్లు చేరి అదే దారి పడతాయి. కర్నూలు వాళ్లు బస్సులో ఆదోనికో గుంతకల్లుకో వచ్చి ఎక్కడం సులువు.

రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. రేసు జనవరిలోనే అయితే సంక్రాంతి తిరుగు ప్రయాణాల రద్దీ పక్కనే ఉంటుంది, కాబట్టి తెరిచిన రోజే బుక్ చేయాలి. రేసుకు ముందు రోజు సాయంత్రానికి పుణేలో ఉండేలా చూసుకోండి. తెల్లవారితే రేసు అనగా దిగే రైలును నమ్ముకోవద్దు. మూడు నాలుగు గంటల ఆలస్యం ఆ దారిలో వింతేమీ కాదు.

సొంత సైకిల్ తీసుకెళ్లాలా అని చాలామంది అడుగుతారు. ఘాట్ స్టేజీ చూడాలనుకుంటే తీసుకెళ్లండి. రోడ్లు మూసేశాక కొండెక్కడానికి అంతకంటే మంచి దారి లేదు. రైల్లో లగేజీ వ్యాన్‌లో పార్శిల్‌గా వేయొచ్చు. పెడల్స్ విప్పి, హ్యాండిల్ తిప్పి, గొలుసు వైపు అట్టముక్క కట్టి, మీ పేరు రాసిన కాగితం అతికించండి.

బస స్టార్ట్‌కు దగ్గరా, ఫినిష్‌కు దగ్గరా అని తర్జనభర్జన వద్దు. పుణే రైల్వే స్టేషన్ చుట్టుపక్కల దిగితే నగరంలో జరిగే ప్రొలాగ్‌కు ఆటోలో పోవచ్చు, జిల్లా వైపు స్టేజీలకు బస్సులు దొరుకుతాయి. జనవరి పొద్దున్నే పుణేలో చలి గట్టిగానే ఉంటుంది. అనంతపురం చలికాలాన్ని కొలతగా పెట్టుకుని పల్చని చొక్కాతో పోకండి.

6. విదేశీ రేసు అయితే

టూర్ ద ఫ్రాన్స్ దారిని అంతకు ముందు ఏడాది అక్టోబర్‌లో ప్రకటిస్తారు. మీ పని ఆ రోజే మొదలవ్వాలి. ఆల్ప్స్ కొండల కింద ఉండే చిన్న ఊళ్ల గదులు ఆ వారంలోనే నిండిపోతాయి. అందుకని నేరుగా ఆ ఊళ్ల కోసం వెతకడం మాని, రైలు ఉన్న నగరంలో దిగండి. ఆల్ప్ ద్యుయెజ్‌కు గ్రెనోబుల్ అలాంటి చోటు. పారిస్ నుంచి వేగం రైల్లో మూడు గంటలు, అక్కడి నుంచి కొండ కింది బూర్ దువాజాన్ దాకా బస్సులుంటాయి.

పాస్‌పోర్టు లేకపోతే ఇప్పుడే తీసుకోండి. వీసా విషయంలో మూడు నాలుగు సంగతులు గుర్తుంటే చాలు. యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం పదిహేను రోజుల ముందైనా ఇవ్వాలి. వేసవికి అపాయింట్‌మెంట్లు దొరకవు కాబట్టి మార్చి, ఏప్రిల్ లోపు ముగించండి. ఫీజు పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకు 45. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చు భరించే ప్రయాణ బీమా తప్పనిసరి. ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటే ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. ఈ నిబంధన సైక్లింగ్ అభిమానులకు చాలా ముఖ్యం, ఎందుకంటే టూర్ ద ఫ్రాన్స్ ప్రతిసారీ ఫ్రాన్స్‌లోనే మొదలవదు. 2026 టూర్‌కు ఆరంభ వేదికగా ప్రకటించింది స్పెయిన్‌లోని బార్సిలోనాను. అక్కడ మూడు రాత్రులు, ఫ్రాన్స్‌లో రెండు రాత్రులు ఉంటే స్పెయిన్ వీసా అడగాలి.

జీతం చీటీలు, ఆదాయపు పన్ను రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్, సెలవు మంజూరు లేఖ అడుగుతారు. మన దగ్గర వ్యవసాయం మీద బతికేవాళ్లు, సొంత అంగడి ఉన్నవాళ్లు ఇక్కడే టెన్షన్ పడతారు. పట్టాదారు పాస్‌బుక్ నకలు, జీఎస్టీ కాగితాలు, పంట అమ్మిన రసీదులు, వాటికి ఇంగ్లీషు అనువాదం జత చేసి, ఆదాయం ఎలా వస్తుందో వివరిస్తూ ఒక పేజీ లేఖ రాయండి. వీసాకు రెండు రోజుల ముందు ఎవరిదగ్గరో తెచ్చి ఖాతాలో వేసిన పెద్ద మొత్తం అనుమానానికి తావిస్తుంది. తక్కువైనా నెలల తరబడి నిలకడగా ఉన్న డబ్బే మేలు. ప్రయాణం ఎందుకన్న చోట సైకిల్ రేసు చూడటానికి అని రాయండి, ఏ రోజు ఏ స్టేజీ, ఆ రాత్రి ఏ ఊళ్లో అన్న పట్టిక పెట్టండి. అంత స్పష్టమైన ప్రయాణ ప్రణాళిక చాలా దరఖాస్తుల్లో ఉండదు.

విమానానికి మన జాతీయ రహదారి 44 మంచి తోడు. అనంతపురం నుంచి బెంగళూరు పోతుంటే దేవనహళ్లి విమానాశ్రయం నగరం కంటే ముందే వస్తుంది, కర్నూలు నుంచి హైదరాబాద్ పోతుంటే శంషాబాద్ కూడా నగరానికి ఇవతలే. ఊళ్ల ట్రాఫిక్‌లో ఇరుక్కోవాల్సిన పనే లేదు. బెంగళూరు నుంచి పారిస్‌కు నేరుగా విమానం ఉంది.

7. సంచిలో ఏం పెట్టుకోవాలి

ఎండ మనకు కొత్త కాదు. కానీ రేసు రోజు ఐదారు గంటలు ఒకేచోట, చాలాసార్లు నీడ లేకుండా నిలబడాలి. టోపీ, ఒక్కొక్కరికి రెండు లీటర్ల నీళ్లు, మడత కుర్చీ లేదా దుప్పటి. ఫ్రాన్స్ కొండల మీద జులైలోనూ మధ్యాహ్నం ఎండ కాసి సాయంత్రం వాన, చలి పట్టుకుంటాయి. వాన కోటు, స్వెటర్ ఉండాలి.

తినడానికి బొరుగులు, చెనక్కాయలు, జొన్న రొట్టెలు, చెనక్కాయల పొడి. పాడవవు, బరువుండవు, కడుపు నిండుతుంది. కొండ మీద ఏ అంగడీ ఉండదు. యూరప్ వెళ్లేటప్పుడు ఒక జాగ్రత్త. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేవడానికి అక్కడ అనుమతి లేదు. గువ్వలచెరువు పాలకోవా, నెయ్యి ఇంట్లోనే ఉంచండి. పచ్చళ్లలో మాంసం లేనివే పెట్టండి.

ఫోన్ చార్జ్ అవ్వడానికి పవర్ బ్యాంక్. విమానంలో అది చేతి సంచిలోనే ఉండాలి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. వేలమంది ఒకే ఘాట్ మీద చేరితే నెట్‌వర్క్ చచ్చిపోతుంది.

8. రేసు వచ్చే వేళ

మొదట పోలీసు మోటార్ సైకిళ్లు వస్తాయి. తర్వాత నిర్వాహకుల కార్లు, ఖాళీ రోడ్డు, మళ్లీ రెండు బండ్లు. పెద్ద రేసుల్లో ఈలోపు ఆకాశంలో హెలికాప్టర్ శబ్దం మొదలవుతుంది. అది మీ తలపైకి వచ్చిందంటే ఐదు నిమిషాల్లో రేసు మీ ముందుంటుంది. ఫోన్‌లో ఏం తీయాలో ఈలోపే తేల్చేసుకోండి. నా సలహా అడిగితే మొదటిసారి వచ్చినప్పుడు ఫోన్ జేబులోనే పెట్టేయండి, కళ్లతో చూడండి.

ముందు విడిపోయి వచ్చేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. దగ్గరికి వచ్చాక జెర్సీల మీద చెమట ఎండి తేలిన ఉప్పు చారలు కనిపిస్తాయి, నోరు తెరిచి పీల్చే ఊపిరి వినిపిస్తుంది. వాళ్ల పక్కనే వెళ్లే మోటార్ సైకిల్ మీద ఒకరు పలక పట్టుకుని వెనక గుంపుకు ఎన్ని నిమిషాల తేడా ఉందో చూపిస్తారు. అది చదవండి. ఆ తేడా మూడు నిమిషాలుంటే వాళ్లకు ఆశ ఉంది, ముప్పై సెకన్లే అయితే కాసేపట్లో పట్టుబడతారు.

తర్వాత పెద్ద గుంపు. కనిపించే ముందే వినిపిస్తుంది, గొలుసులు, టైర్లు అన్నీ కలిసి ఒకే గుర్రుమనే శబ్దం. పక్క నుంచి పోతుంటే గాలి ముఖానికి కొడుతుంది. అక్కడితో అయిపోయిందని కదలకండి, అసలు చూడాల్సింది ఆ వెనకే ఉంటుంది. జట్ల కార్లు పైన సైకిళ్లతో బారులు తీరి వస్తాయి. వాటి మధ్య ఒక రైడర్ వెనక్కి పడి, కారు కిటికీ పక్కన తొక్కుతూ ఒక్కో నీళ్ల సీసా అందుకుని జెర్సీ వెనక, మెడ దగ్గర, కడుపు మీద కుక్కుకుంటూ ఉంటాడు. ఆరు, ఏడు సీసాలు. ఒళ్లంతా ముద్దలు కట్టిన ఆకారంతో మళ్లీ గుంపును అందుకుని, తన జట్టువాళ్లందరికీ పంచుతాడు. అతను గెలవడు, పతకం రాదు, టీవీలో పేరు కూడా పలకరు. గెలిచేవాడి కాళ్లలో శక్తి మిగిలిందంటే దాని వెనక ఇతను ఉన్నాడు. సైకిల్ రేసు జట్టు ఆట అని ఎన్ని పుస్తకాలు చదివినా అర్థం కానిది ఆ ఒక్క దృశ్యంతో అర్థమవుతుంది. అతనికి చప్పట్లు కొట్టండి.

కొండ మీద అయితే చివర్లో ఇరవై, ముప్పై మంది కలిసి నెమ్మదిగా వస్తారు. వాళ్లు స్ప్రింటర్లు (చదును నేల మీద చివరి పరుగులో దూసుకుపోయేవాళ్లు), జబ్బుపడ్డవాళ్లు, కిందపడి దెబ్బలు తగిలినవాళ్లు. నిర్ణీత సమయంలోపు ఫినిష్ చేరకపోతే రేసు నుంచి తప్పిస్తారు కాబట్టి ఆ గడువు కోసం పోరాడుతుంటారు. ముందువాళ్లు పోగానే ఇంటిదారి పట్టే జనం వీళ్లను చూడకుండానే వెళ్లిపోతారు. మీరు మాత్రం ఉండండి.

9. రోడ్డు పక్కన ఎలా ఉండాలి

2021 టూర్ మొదటి స్టేజీలో ఒక ప్రేక్షకురాలు టీవీ కెమెరాకు అట్ట చూపించాలని రేసుకు వీపు పెట్టి రోడ్డు మీదికి వంగింది. జర్మన్ రైడర్ టోనీ మార్టిన్ ఆ అట్టకు తగిలి పడ్డాడు, అతని వెనక పదుల సంఖ్యలో పడిపోయారు. ఏడాదంతా సిద్ధమై వచ్చినవాళ్ల ఆశలు ఒక్క క్షణంలో పోయాయి. కాబట్టి రేసు వైపు ఎప్పుడూ వీపు పెట్టకండి, సెల్ఫీ తీసుకోకండి. చేయి, కర్ర, జెండా ఏదీ రోడ్డు మీదికి రాకూడదు. పోలీసు మోటార్ సైకిళ్లు కనిపించాక రోడ్డు దాటొద్దు. పిల్లల చేయి పట్టుకోండి. రైడర్ పక్కన పరుగెత్తొద్దు, నీళ్లు పోయొద్దు, వెనక నుంచి తోయొద్దు, వాళ్లు అడిగినట్టు అనిపించినా సరే. మన ఊళ్లలో వీధి కుక్కల గొడవ కూడా ఉంటుంది కాబట్టి మీ దగ్గరున్న కుక్కను అదిలించి రోడ్డుకు దూరంగా ఉంచడం కూడా ప్రేక్షకుల పనే అనుకోండి.

రైడర్ విసిరిన ఖాళీ సీసా మీ కాళ్ల దగ్గర పడితే అది మీదే, తీసుకోండి. కానీ చివరి బండి వెళ్లాకే వంగండి.

10. వెనక్కి రావడం

అందరూ ఒకేసారి దిగుతారు. రేసు చివరి బండి, అంటే ఆగిపోయిన రైడర్లను ఎక్కించుకునే వ్యాను, వెళ్లాక కూడా పోలీసులు వెంటనే రోడ్డు తెరవరు. కనీసం రెండు గంటలు అక్కడే కూర్చుని, తెచ్చుకున్నది తిని, నెమ్మదిగా దిగండి. అందుకే అదే రాత్రికి రైలు బుక్ చేయొద్దు, మర్నాటికి పెట్టుకోండి. గుంతకల్లులో తెల్లవారుజామున దిగే రైలు అయితే కర్నూలు, ఆదోని వైపు మొదటి బస్సు ఎప్పుడో ముందే కనుక్కోండి. బొరుగుల పొట్లాలు, నీళ్ల సీసాలు, పిల్లలు పారేసిన చాక్లెట్ కాగితాలు ఒక సంచిలో వేసుకుని కిందికి తెచ్చేయండి. వచ్చే ఏడాది రేసు మళ్లీ ఆ ఘాట్ మీదికి రావాలా వద్దా అని ఊరివాళ్లు అనుకునేది ఆ చెత్తను చూసే.